ఇంటి తూకం

జూన్ నెలలో ఒక మంగళవారం జియెన్ మావ్‌లిన్ సగం రోజు సెలవు పెట్టి ఇంటికొచ్చాడు. వెనక వరండాలో పాత వార్తాపత్రిక పరిచి, ఇంట్లో బరువు చూసుకునే యంత్రాన్ని దాని మీద బోర్లించాడు. కూతురు రోయున్ ఆసుపత్రివాళ్ళ పగటి కేంద్రంలో సబ్బుల పెట్టెలు మడుస్తూ ఉంటుంది, నాలుగింటికి గాని రాదు. బయట వాన. తైవాన్ ఉత్తరాన ఉన్న ఈ రేవు ఊరు కీలుంగ్‌లో వాన పడటం వార్త కాదు గాని, ఆ రోజు రేవులో ఓడలు కూడా కనబడనంతగా పడుతోంది.

అడుగున నాలుగు మరలు. అంచున, రెండు మరలకీ మధ్య, ఎర్రటి గోళ్ళరంగు చుక్క. ఆ చుక్కకి గీత పడకుండా మరలు విప్పాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అతని ఉద్యోగం తూకాలు సరిచూడటమే. చేపల బజారులో, కూరల బజారులో, రేవు గోదాముల్లో, ఆసుపత్రుల్లో, ఎక్కడ ముల్లు ఉంటే అక్కడికి ఇనప రాళ్ళ పెట్టె మోసుకుపోయి, సరిగ్గా ఉంటే ఆకుపచ్చ ముద్ర అంటించి, లేకపోతే ఎర్ర చీటీ కట్టి వస్తాడు. ముద్ర మీద నెల, సంవత్సరం, కింద తన నంబరు పదిహేడు. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా మీదే నిలబడి, బరువు పడగానే అబద్ధం చెప్పే తూకాలు ఎన్ని రకాలో అతనికి తెలుసు. లోపల మీట మీద ఒక కొక్కెం ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి జరిపితే చాలు. బజారులో వాళ్ళు బరువు పెంచడానికి జరుపుతారు. మావ్‌లిన్ తగ్గించడానికి జరిపాడు.

అందుకు కారణం అంతకు ముందు వారం ఆసుపత్రిలో రోయున్ అన్న మాట.

ఆమెకు ఇరవై రెండేళ్ళు. రెండేళ్ళ కిందట, తల్లి బీషియా పోయిన ఏడాదికి, ఇంట్లో వస్తువులు ఎవరో మార్చేస్తున్నారని అనడం మొదలుపెట్టింది. చెంచాలు, గోడ గడియారం, అమ్మ ఫొటో ముందు అగరొత్తుల గిన్నె. "అచ్చం అలాంటివే నాన్నా, కాని అవి కావు" అనేది. మారిస్తే తెలియాలని ప్రతిదానికీ అడుగున గోళ్ళరంగు చుక్క పెట్టింది. మొదట ఇచ్చిన మందు పని చెయ్యలేదు. రెండో మందు చేసింది. మూడు వారాల్లో ఆమె చెవుల్లో వినిపించే గొంతుకలు ఆగాయి, అనుమానం ఆగింది, ఒక రోజు పొద్దున వంటింట్లోంచి ఆమె కూనిరాగం వినిపించి మావ్‌లిన్ చేతిలో పళ్ళు తోముకునే బ్రష్షు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

ఆ మందే ఆకలి కూడా తెచ్చింది. అది మామూలు ఆకలి కాదు. పొట్ట నిండినా నోరు ఊరుకోదు. కుక్కరులో అన్నం ఖాళీ అయ్యేది. అమ్మ ముందు పెట్టిన పళ్ళు అగరొత్తి పూర్తిగా కాలకముందే మాయమయ్యేవి. యాభై రెండు కిలోల పిల్ల ఏడాదిన్నరలో డెబ్బై ఆరు అయింది. "ఈ మందుతో చాలామంది కుర్రవాళ్ళకి ఇలాగే అవుతుంది. వాళ్ళ తప్పు కాదు" అంది డాక్టర్ యెన్. ప్రతి సోమవారం ఇంట్లో బరువు చూసుకుని పుస్తకంలో రాయమంది. పెరుగుతుంటే వెంటనే చెప్పమంది, చెయ్యడానికి దారులున్నాయంది.

బయటికొచ్చాక లిఫ్టు దగ్గర రోయున్ మెల్లగా అంది. "ఎనభై దాటిన రోజు మాత్రలు మానేస్తా నాన్నా. నీకు ముందే చెబుతున్నా."

ఆమె ఒకసారి మానేసింది. కిందటి చలికాలం, పందొమ్మిది రోజులు. ఇరవయ్యో రోజున రైల్వే స్టేషనులో, చెప్పుల్లేకుండా, ఒడిలో గోడ గడియారం పెట్టుకుని కూచున్న ఆమెను పోలీసులు చూపించారు. ఆ రోజు మళ్ళీ రాకూడదు. మావ్‌లిన్‌కి ఆ ఒక్కటే కోరిక. మిగతావి ఎప్పుడో అలిసిపోయి రాలిపోయాయి.

అందుకని కొక్కెం జరిపాడు.

ఒక్కసారి జరిపితే తీరే పని కాదని మరుసటి వారానికే తెలిసింది. సోమవారం ముల్లు అర కిలో ముందుకు పోతే, ఆదివారం పొద్దున అతను కొక్కేన్ని ఇంకాస్త వెనక్కి జరపాలి. మందు మత్తుకి ఆమె పదింటిదాకా లేవదు. అతను ఏడింటికే లేచి, గంజి పొయ్యి మీద పెట్టి, వరండాలో వార్తాపత్రిక పరుచుకునేవాడు. నాలుగు మరలు, ఎర్రచుక్క, వెంట్రుకవాసి. పుస్తకంలో డెబ్బై ఆరు, డెబ్బై ఆరు, డెబ్బై అయిదున్నర, డెబ్బై ఆరు. నెలకోసారి ఆసుపత్రి నుంచి నర్సు ఫోను చేసి అంకెలు రాసుకునేది. "ఆగిందన్న మాట! బాగుంది. డాక్టరుగారు ఈ మందే కొనసాగించమన్నారు. జులైలో రక్తపరీక్ష అక్కర్లేదు, సెప్టెంబరులో చూద్దాం" అంది.

ఫోను పెట్టేశాక మావ్‌లిన్ చాలాసేపు ఆ పుస్తకాన్నే చూస్తూ కూచున్నాడు. ఊళ్ళో తూకాలన్నిటి నిజమూ తెలిసిన తనకి సొంత కూతురి బరువు ఎంతో తెలియదు.

ఆగస్టులో చేపల బజారు తనిఖీ వచ్చింది. గచ్చంతా నీళ్ళు, పొలుసులు. గుయి అనే ఆవిడ, ముప్ఫై ఏళ్ళుగా అక్కడే కూచుని చేపలమ్మే మనిషి, ఇతన్ని దూరం నుంచే చూసి కేకేసింది.

"రండి రండి, ముద్రల దొరగారు వచ్చేశారు! నా తూకం ఎప్పుడూ నిజమే అన్నయ్యా, నా వయసొక్కటే అబద్ధం."

"వయసుకి నా దగ్గర ముద్ర లేదు గుయీ."

"ఉంటే నేనే అంటించుకునేదాన్ని, నుదుటి మీద." చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుంది. "అన్నట్టు మొన్న బస్‌స్టాపులో మీ అమ్మాయిని చూశా. మొదట గుర్తే పట్టలేదనుకో! ఎంత ఒళ్ళు చేసిందీ! బుగ్గలు చూస్తే ఆవిరి బన్నుల్లా ఉన్నాయి. 'ఏమే, మీ నాన్న బాగా మేపుతున్నాడే' అన్నా. నవ్వింది పాపం. వదిన ఉంటే ఎంత సంతోషించేదో."

ఆమె ప్రేమగానే అంది. ఆ ఊళ్ళో మనిషి కనిపించగానే చిక్కావనో ఒళ్ళు చేశావనో అనడం, అన్నం తిన్నావా అని అడగడం లాంటిదే. మావ్‌లిన్ నవ్వాననిపించి, రాళ్ళు పెట్టి, ముద్ర అంటించాడు. అతను వద్దంటున్నా ఆమె రెండు చేపలు కాగితంలో చుట్టింది. వద్దంటే వద్దని తిరిగి ఆమె బల్ల మీదే పెట్టి కదిలాడు.

పక్క బల్ల మీద సముద్రపు కణవ చేపలు అమ్మే అతని తూకం అయిదు కిలోలకి రెండువందల గ్రాములు ఎక్కువ చూపించింది. మావ్‌లిన్ విప్పి చూశాడు. మీట మీద కొక్కెం జరిపి ఉంది. అలాంటి కొక్కెమే, తను జరిపినంతే.

"ఇంట్లో ఇబ్బందులు సార్" అన్నాడు ఆ మనిషి గొణుగుతూ. "వేరే దారి తోచలేదు."

ఎర్ర చీటీ కట్టడానికి దారం ముడి వెయ్యబోతే వేళ్ళు తిరగలేదు. "జ్వరంగా ఉందా సార్?" అని ఆ మనిషే ముడి వేసి పెట్టాడు, తన తూకానికి తనే.

సెప్టెంబరులో ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. బస్సు కొండెక్కుతుంటే రోయున్ కిటికీకి తల ఆనించి కూచుంది. పగటి కేంద్రం వాళ్ళు ఇచ్చిన వదులు చొక్కా వేసుకుంది. ఈ మధ్య ఆమె మాటలు తగ్గాయి. తిండి కూడా సగం పళ్ళెంతో ఆపి, వంటింటి తలుపు దగ్గర నిలబడి, గోడకేసి చూసేది. ఏమిటమ్మా అంటే ఏం లేదు అనేది. మందు వేసుకుంటోందా లేదా అని మావ్‌లిన్ రోజూ మాత్రల అట్టలో ఖాళీలు లెక్కపెట్టి చూసేవాడు. వేసుకుంటోంది.

రక్తం ఇచ్చాక నర్సు ఆమెను నడవలో ఉన్న పెద్ద యంత్రం ఎక్కించింది.

"ఎనభై మూడు."

రోయున్ దిగలేదు. "ఇంట్లో డెబ్బై ఆరు. నిన్ననే చూసుకున్నా."

"మీ ఇంటి యంత్రానికి నువ్వంటే ముద్దేమో అమ్మాయ్" అని నర్సు నవ్వింది. "ఇది తప్పు చెప్పదు. మొన్న జులైలోనే తనిఖీ అయింది, అదిగో ముద్ర."

రోయున్ దిగి, మోకాళ్ళ మీద చేతులానించి వంగి, ఆకుపచ్చ ముద్ర చదివింది. చిన్నప్పుడు తండ్రి తెచ్చిన గడువు తీరిన ముద్రలన్నీ నోటుపుస్తకంలో అంటించుకుని బొమ్మల కొట్టు ఆట ఆడిన పిల్ల. "పదిహేడు" అంది.

తరవాత తండ్రికేసి చూసింది. నర్సు ఇంకొకరిని పిలుస్తూ వెళ్ళిపోయింది. నడవలో వాళ్ళిద్దరూ, గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు.

"ఇది నువ్వు సరిచూసిందే. ఇంట్లోదీ నీదే. రెంటిలో ఏది అబద్ధం నాన్నా?"

ఒక్క మాట చాలు. ఈ యంత్రం చెడిపోయింది, పై ఆఫీసుకి చెబుతాను అంటే చాలు. ఊరంతా నమ్మే నోరు అతనిది. ఆమె కూడా నమ్ముతుంది. ఎనభై మూడు చెరిగిపోతుంది, మాత్రలు ఆగవు. నిజం చెబితే, ఇంట్లో వస్తువులు ఎవరో మారుస్తున్నారని నెలల తరబడి కుమిలిపోయిన పిల్లకి, అవునమ్మా, మార్చింది నేనే అని తన నోటితో చెప్పాలి. ఆ తరవాత ఆమె దేన్ని నమ్ముతుంది? మాత్రని నమ్ముతుందా? అన్నాన్ని నమ్ముతుందా?

మావ్‌లిన్ కుర్చీలో కూచున్నాడు. అబద్ధం ఆడటానికి కూడా ఓపిక కావాలి. ఆ ఓపిక ఎక్కడ వెతికినా దొరకలేదు.

"ఇంటిది" అన్నాడు. "నేనే జరిపాను. జూన్ నుంచి, ప్రతి ఆదివారం. నువ్వు ఎనభై అన్నావు కదా, భయం వేసింది."

నడవ చివర ఎవరిదో నంబరు పిలిచారు. రోయున్ వచ్చి అతని పక్క కుర్చీలో కూచుంది. కుర్చీ కిర్రుమంది.

"ప్యాంటు గుండీ పట్టడం మానేసింది నాన్నా, జులైలో" అంది. "పుస్తకం చూస్తే డెబ్బై ఆరు. యంత్రం తిప్పి చూశాను. నా చుక్క నా చుక్కలాగే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు అనుకున్నా. అంటే ప్యాంటు మార్చేశారన్న మాట అనిపించింది. అచ్చం అలాంటిదే, కాని అది కాదు."

"అమ్మా..."

"మళ్ళీ మొదలైందనుకున్నా. ఎవరికీ చెప్పలేదు. చెబితే లోపల పెట్టేస్తారు. రోజూ పొద్దున్నే గోడకేసి చూసేదాన్ని, ఇవాళ గొంతుకలు వస్తాయా రావా అని." కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే నవ్వులాంటిది వచ్చింది ఆమెకి. "ప్యాంటు నాదేనా అయితే?"

"నీదే."

"నా కళ్ళు సరిగ్గానే చూశాయా?"

"సరిగ్గానే చూశాయి. యంత్రమే తప్పు చెప్పింది."

"యంత్రం కాదు. నువ్వు."

"నేనే."

ఆమె తల ఊపింది. తిట్టలేదు. తిడితే బాగుండునని మావ్‌లిన్‌కి అనిపించింది గాని, అంతకంటే ముందు ఇంకొకటి అనిపించింది. రెండు నెలలుగా ఆమె భుజాలు పైకి బిగుసుకుని ఉన్నాయి. ఇప్పుడు దిగాయి.

డాక్టర్ యెన్ అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"జియెన్‌గారూ, పరగడుపున చక్కెర నూట పద్దెనిమిది ఉంది. కొవ్వు కూడా పెరిగింది. షుగర్ జబ్బు ఇంకా రాలేదు, గుమ్మం దగ్గర ఉంది. జులైలో తెలిసుంటే జులైలోనే ఆపే ప్రయత్నం చేసేవాళ్ళం. ఆ అంకెలు నా కోసం అడిగాను, అమ్మాయిని భయపెట్టడానికి కాదు."

"తప్పే" అన్నాడు మావ్‌లిన్.

"నాతో చెప్పండి" అంది రోయున్.

డాక్టరు కుర్చీ ఆమెవైపు తిప్పుకుంది. ఆకలిని, చక్కెరని కొంత పట్టి ఉంచే ఇంకో మాత్ర ఉందని, దాన్ని ఈ మందుతో కలిపి వాడొచ్చని, బరువు పెంచని వేరే మందుకి మెల్లమెల్లగా మారే దారి కూడా ఉందని చెప్పింది. మారేటప్పుడు పాత బాధ తిరిగొచ్చే ప్రమాదం ఉంది, వారం వారం రావాలి. "రెండూ దారులే. ఏదీ పూర్తిగా సుఖమైంది కాదు. మాత్రలు ఒక్కసారిగా ఆపడం మాత్రం దారి కాదు. అది నీకే తెలుసు."

"స్టేషను" అంది రోయున్.

"అవును."

ఆమె చేతివేళ్ళు చూసుకుంటూ కూచుంది. మావ్‌లిన్ గోడ మీది క్యాలెండరుకేసి చూశాడు. ఈ విషయంలో మాట్లాడే హక్కు ఇవాళ తనకి లేదు.

"ఎనభై దాటితే మానేస్తానన్నా. ఎప్పుడు దాటిందో నాకే తెలీదు. మానలేదు" అంది చివరికి. "ముందు ఆ కలిపి వేసుకునే మాత్ర ఇవ్వండి. రెండు నెలలు చూస్తా. తగ్గకపోతే మందు మార్చాలి, నాన్న భయపడినా సరే. కాని అంకెలు నిజమైనవి కావాలి."

"నిజమైనవే కావాలి" అంది డాక్టరు.

తిరుగు బస్సులోంచి మధ్యలో మావ్‌లిన్ ఆఫీసు దగ్గర దిగి, అధికారికి చెప్పి, తనిఖీకి వాడే పది కిలోల ఇనప రాళ్ళు నాలుగు సాయంత్రం ఆఫీసు కారులో ఇంటికి తెచ్చాడు. ఇల్లు నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. రెండో రాయితో మూడో అంతస్తు దగ్గర ఆగి గోడకానుకుంటే, పైనుంచి రోయున్ దిగి వచ్చింది.

"ఇటివ్వు."

"బరువమ్మా."

"తెలుసులే. ఇలాంటివి మూడు ఒంటికి కట్టుకునే రోజూ ఈ మెట్లెక్కుతున్నా." రాయి అందుకుని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుంది. నాలుగు మెట్లెక్కి ఆగి, రాయికేసి చూసింది. "ఇంత ఉంటుందా? అందుకే ఆయాసం. నేను బద్ధకం అనుకున్నా."

"ఎవరన్నారు బద్ధకమని?"

"ఎవరూ అనలేదు. నేనే."

వరండాలో వార్తాపత్రిక పరిచారు. ఈసారి మరలు ఆమె విప్పింది. కొక్కెం ఎక్కడుందో, మొదట ఎక్కడ ఉండేదో మావ్‌లిన్ వేలితో చూపించాడు. జరిపిన చోట మీట మీద సన్నటి మెరుపు గీతలు, ఒకదాని వెనక ఒకటి, పద్నాలుగు. రోయున్ వాటిని లెక్కపెట్టింది. కొక్కెం పాత చోటికి తెచ్చి, మూత బిగించి, ఒక రాయి, రెండు రాళ్ళు, మూడు, నాలుగు పెట్టి చూశారు. పది, ఇరవై, ముప్ఫై, నలభై. ముల్లు ఎక్కడా తడబడలేదు.

రోయున్ చెప్పులు విడిచి ఎక్కింది. తనే వంగి చదివింది. "ఎనభై మూడు. రాసుకో."

అతను రాశాడు.

"ఇప్పుడు నువ్వెక్కు."

"నాకెందుకూ..."

"ఎక్కు నాన్నా."

యాభై ఆరు. ఏడాది కిందట అరవై ఒకటి ఉండేవాడు. రోయున్ ముల్లుని, అతని మొహాన్ని మార్చి మార్చి చూసింది. "ఇదీ పుస్తకంలో రాయి. పక్కనే. ప్రతి సోమవారం ఇద్దరివీ." లోపలికి వెళ్తూ కసిరింది. "నేను తింటుంటే ఎదురుగా ఖాళీ గిన్నె పెట్టుకుని కూచునేవాడివి. కనబడదనుకున్నావా? నా కళ్ళు సరిగ్గానే ఉన్నాయని ఇందాక నువ్వే అన్నావు."

తల్లి ఫొటో కింద సొరుగు లాగి ఏదో వెతికిన చప్పుడు. తిరిగొచ్చినప్పుడు ఆమె చేతిలో గోళ్ళరంగు సీసా ఉంది. మావ్‌లిన్ ఆ సీసా చూసి రెండేళ్ళయింది.

ఆమె యంత్రాన్ని బోర్లించి, సీసా మూత గట్టిగా తిప్పి తీసి, నాలుగు మరల తలల మీదా ఒక్కొక్క చుక్క పెట్టింది. గాడి నిండేలా, మందంగా. స్క్రూడ్రైవరు పెడితే రంగు పగిలి తీరాలి.

"పాత చుక్క తప్పు చోట పెట్టా" అంది. "నువ్వు నీ ముద్రలు ఎక్కడ అంటిస్తావు?"

"మర మీదే."

"ముందే చెప్పొచ్చుగా."

కొత్త మాత్ర భోజనంతో వేసుకోవాలన్నారు. ఆమె వెళ్ళి అన్నం గిన్నెలు దించింది. అతనికి రెండు గరిటెలు, తనకి ఒకటి, ఇద్దరికీ ఉడికించిన ఆకుకూర, అల్లం వేసిన చేప. తన గిన్నె పక్కన రెండు మాత్రలు, పాతదీ కొత్తదీ, కాగితం మీద పెట్టుకుంది. ఒక గరిటెతో ఆమె ఆకలి తీరదని ఇద్దరికీ తెలుసు.

వాన సన్నబడింది. రేవులో ఒక ఓడ దీపాలు వేసుకుంది. మావ్‌లిన్ యంత్రాన్ని తీసి దాని చోట్లో పెడదామని వరండాలోకి వంగాడు.

"ఆరేదాకా ముట్టుకోకు నాన్నా" అంది రోయున్ లోపలినుంచి.